రంగూను గది నాచేత ఖాళీ చేయించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా! దేవుడు నన్ను రంగూను నుంచి క్షేమంగా తీసుకొచ్చిన సంగతి చెప్పమని అయ్యగారు నన్ను లేపి నిలబెట్టారు. చెబుతాను. కాని ఆ క్షేమం చాలా వెనక ఉంది, అదీ మీరనుకునేటంత ఉండదు, ముందు చీకటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ చీకటి దేవుడు నా మీదికి పంపింది కాదు, నేను చేజేతులా అద్దెకు తీసుకున్నది.

ఈ పల్లెవాళ్ళకి నన్ను గురించి చెప్పనక్కర్లేదు గాని బందరు నుంచీ గూడూరు నుంచీ కూటాలకి వచ్చినవాళ్ళు వెనక కూర్చున్నారు గనక చెబుతున్నాను, నా పేరు సమూయేలు, ఈ దివిసీమలో ఈ పల్లెలోనే పుట్టాను, మా నాన్న ఊళ్ళో ఒక మోతుబరి రైతు దగ్గర బతికినంతకాలం పాలేరుగా ఉండి ఆ పనిలోనే పోయాడు. మేము ఊరి చెరువులో ముంత ముంచకూడనివాళ్ళం. మిషను వాళ్ళు నన్ను బందరు బోర్డింగులో వేసి చదివించారు, ఆ బోర్డింగు నాకు రెండు ఇచ్చింది, ఒకటి సువార్త, రెండోది ఊళ్ళోవాళ్ళు మాట్లాడేలాంటి శుభ్రమైన మాట. ఆ రెండోదాని కోసం మొదటిదాన్ని ఎలా అమ్ముకున్నానో అదే ఇవాళ నా సాక్ష్యం.

మిషను దొరగారు ఉత్తరం రాసి ఇస్తే రంగూనులో ఒక బియ్యం మిల్లులో తూకం గుమాస్తా పని దొరికింది. కాకినాడలో స్టీమరెక్కి వెళ్ళాను. మొదటి ఏడు మిల్లు కూలీల కొట్టంలోనే ఒక మూల పడుకుని గడిపాను, ఒంటరి మగాడికి ఎక్కడైనా చాలు. తర్వాత నా భార్య మార్తమ్మనీ మా చంటిది రూతునీ రప్పించాను, అప్పటికి రూతుకి మూడో ఏడు, ఆడమనిషినీ పసిపిల్లనీ ఆ కొట్టంలో పెట్టలేను గనక గది కోసం బయల్దేరాను, అక్కడ మొదలైంది.

రంగూనులో గది అంటే ఇల్లు అనుకోకండి. మూడంతస్తుల ఇటికల మేడ, వీధిలోంచి ఒకటే చెక్కమెట్ల వరస, అంతస్తుకి ఆరేడు గదులు, గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒకటే కుళాయి. అక్కడ గది ఇవ్వడమంటే కుళాయిలో వాటా ఇవ్వడం. అందుకని మన తెలుగువాళ్ళు గది చూపించే ముందు మనిషిని చూస్తారు. కులమేమిటని మొహాన అడగరు, మనది మర్యాదస్తుల సీమ కదా! "మీదే ఊరండీ? మీరెవరి తాలూకండీ? ఇంటిపేరేవిటండీ?" అని నవ్వుతూ అడుగుతారు, ఆ మూడూ దాటేసరికి మన ముత్తాత ఎవరి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడో వాళ్ళకి తెలిసిపోతుంది.

మొదట వెళ్ళిన ఇంట్లో ఒకావిడ మా రూతుని చూసి బుగ్గలు పుణికి గిన్నెలో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మేము క్రైస్తవులమండీ, దివిసీమలో ఫలానా పల్లె అని నిజమే చెప్పాను. ఆవిడ ఒక్క మాట తూలలేదు, మార్తమ్మ ఖాళీ గిన్నె ఇవ్వబోతే మాత్రం "ఉంచుకోండమ్మా, పిల్లకి పనికొస్తుంది" అని చేతులు వెనక్కి పెట్టుకుంది, గది నిన్ననే ఇంకెవరికో మాటిచ్చామంది. రెండో ఇంట్లో ఆ మర్యాద కూడా లేదు. బర్మావాళ్ళ ఇళ్ళు అడుగుదామంటే నాకు భాష రాదు. దొరల చర్చి పక్కన క్రైస్తవుల గదులున్నాయని వెళ్ళాను, అవి దొరల్లా టోపీలు పెట్టుకునే క్రైస్తవులవి, వాళ్ళ లెక్కలో నేను కూలీ కొట్టంవాణ్ణి, గేటు దగ్గరే కనుక్కుని పంపేశారు. మూడు రోజులు నది ఒడ్డున గిడ్డంగి వసారాలో ఉన్నాం, ఎడతెరిపి లేని వాన, రూతుకి దగ్గు పట్టుకుంది, మార్తమ్మ రాత్రంతా పిల్లని చెంగు కింద పెట్టుకుని కూర్చునేది.

ఆ వసారాలో నేను చేసిన ప్రార్థన నాకింకా గుర్తుంది. "ప్రభువా, నీకు తల వాల్చుకోను చోటు లేకపోయినా నడిచింది, నాకు నడవదు, నాకు భార్యాబిడ్డలున్నారు, ఒక గది ఇయ్యి, ఆ గదిలో నిన్ను మహిమపరుస్తాను" అన్నాను. చూశారా ఎంత చక్కటి ప్రార్థనో! దేవుడు దానికి జవాబిచ్చేలోగా జవాబు నేనే ఇచ్చేసుకున్నాను.

నాలుగోరోజున వెళ్ళిన మేడలో పై అంతస్తు మొత్తం ఒక నాయుడుగారి చేతిలో ఉంది. గుడివాడ ప్రాంతం ఆయన, రంగూనొచ్చి ముప్ఫయ్యేళ్ళయిందట, గదులు మనవాళ్ళకి తప్ప ఇవ్వడు. మెట్ల పైన పడక్కుర్చీలో కూర్చుని ఆ మూడు ప్రశ్నలూ అడిగాడు. ఊరు నిజం చెప్పాను. పేరు సాంబయ్య అన్నాను. ఇంటిపేరు దగ్గర మా నాన్న చాకిరీ చేసిన రైతుగారి ఇంటిపేరు నోట్లోంచి వచ్చేసింది. ఎందుకంటే ఆ ఇంటి సంగతులు నాకు కంఠస్థం, ఏ ఎద్దుని ఏమని పిలుస్తారో, ఏ కోడలిది ఏ ఊరో, పెద్దాయన కోపమొస్తే ఏం తిట్టు తిడతాడో అన్నీ తెలుసు. గుమ్మానికి అవతల నిలబడేవాడికి లోపలి సంగతులు లోపలివాళ్ళకన్నా బాగా తెలుస్తాయి.

కాని నాకు తెలియనిది ఒకటుంది సహోదరులారా, పెద్దింటివాడి ఇంటిపేరు ఎత్తుకొస్తే అది ఒక్కటే రాదు, దానివెనక చుట్టాలంతా వస్తారు! నాయుడుగారు కుర్చీలోంచి లేచి నిలబడి "ఓరినీ! మా పిన్నత్తగారి ఆడపడుచునిచ్చింది మీ ఇంటికే కదటయ్యా! అంటే నువ్వు నాకు అల్లుడి వరస!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ క్షణంలో చెప్పేయొచ్చు. చేతులు పట్టుకున్నాడు కదా, వదిలించుకుని చెప్పేయొచ్చు. రూతు దగ్గింది. నేను "అవునండీ మావయ్యగారూ" అన్నాను.

కుళాయికి ఎదురుగా ఉన్న మంచి గది ఇచ్చాడు. గాలి వచ్చే కిటికీ. ఆయన భార్య ఆ పూట మాకు అన్నం పెట్టింది, పక్కన కూర్చుని కొసరి కొసరి పెట్టింది. నేను నిజంగా చెబుతున్నాను, ఆ ఇద్దరూ మంచివాళ్ళు, నా జన్మలో నన్ను అంత ఆదరంగా చూసినవాళ్ళు లేరు, ఆ ఆదరమంతా సాంబయ్యది, సమూయేలుకి దాంట్లో మెతుకు లేదు.

మరునాడు మార్తమ్మ మొహాన బొట్టు పెట్టుకుంది. నేనే పెట్టుకోమన్నాను. నేనూ పెట్టుకున్నాను. బైబిలు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో బియ్యం కిందికి తోశాను. ఆదివారాలు గుడికి వెళ్ళడం మానేశాను, ఎవరైనా చూస్తారని. మిల్లులో మాత్రం దొరగారి ఉత్తరం వల్ల సమూయేలునే గనక ఉదయం మెట్లు దిగేటప్పుడు బొట్టు తుడుచుకునేవాణ్ణి, సాయంత్రం ఎక్కేటప్పుడు మెట్ల మలుపులో మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. అంత చక్కగా సాగింది నా బతుకు!

ఇంక రూతు. ఆ పిల్లకి మాట రాకముందే వాళ్ళ నాయనమ్మ, అంటే మా అమ్మ, అన్నం ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించడం నేర్పింది, మన పల్లెలో పిల్లలందరూ చేసేదే. నాయుడుగారింట్లో ఏదో పండుగకి విస్తళ్ళు వేశారు, అందరి మధ్యా పిల్ల కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఎవరూ పట్టించుకోలేదు, నాయుడుగారి భార్య "చిట్టితల్లికి నిద్దరొస్తోంది" అని నవ్వింది. గదిలోకొచ్చి తలుపేసి పిల్లని కొట్టాను. దేవునికి స్తోత్రం చెప్పిందని మూడేళ్ళ పిల్లని కొట్టాను సహోదరులారా! మళ్ళీ ఎప్పుడూ చేయలేదు, అన్నం పెడితే చేతులు ఒళ్ళోకి లాక్కుని నా మొహం వంక చూసేది, నేను తల ఊపాక తినేది.

రెండేళ్ళు గడిచాయి. మా తమ్ముడు జకరయ్య గురించి ఈ పల్లెలో చెప్పక్కర్లేదు, పాట ఎత్తాడంటే కూటానికి రానివాళ్ళు కూడా వచ్చి గోడ పక్కన నిలబడేవారు. ఆ ఏడు ఇక్కడ ఉప్పునీరెక్కి పంట పోతే, అన్న దగ్గరికి వెళ్ళి ఏదైనా పని చూసుకోరా అని అమ్మ వాడిని పంపించింది. నాకు ఉత్తరం వేసిందట, అది వాడికన్నా వెనక వచ్చింది. ఉత్తరాలు మిల్లు పేర రాయమని చెప్పేవాణ్ణి గనక వాడు స్టీమరు దిగి నేరుగా మిల్లుకి వెళ్ళాడు, ఆదివారం మిల్లు మూసి ఉంది, కాపలావాడు నేనుండే వీధీ మేడా చూపించాడు.

నేను ఆ ఉదయం నాయుడుగారి పక్కన కూర్చుని ఆయనకి పేపరు చదివి వినిపిస్తున్నాను. చెక్కమెట్ల మీద అడుగుల చప్పుడు. తల పైకి వచ్చింది, భుజాన మూట, చంకలో మా అమ్మ పాతచీరెలతో కుట్టిన బొంత. నన్ను చూశాడు. సహోదరులారా, ఆ మొహంలో వెలుగు నేను చెప్పలేను, రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు, నోరు తెరిచాడు, అప్పుడు నా నుదుటి మీద బొట్టు కనపడింది వాడికి. నోరు అలాగే ఆగిపోయింది.

"ఎవరు అల్లుడుగారూ? మీకు తెలిసినవాడా?" అన్నాడు నాయుడుగారు.

"మా పాలేరు కొడుకండీ" అన్నాను.

అందులో అబద్ధం లేదు చూశారా! మా నాన్న పాలేరే, వాడు ఆయన కొడుకే. సైతాను ఎప్పుడూ పూర్తి అబద్ధం ఆడించడు, అంత శ్రమ పెట్టడు.

వాడికి పంతొమ్మిదేళ్ళు. నన్ను ఒక్కసారి చూశాడు, నా వెనక గది గుమ్మంలో బొట్టుతో నిలబడ్డ మార్తమ్మని చూశాడు, అంతా అర్థమైపోయింది. భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకుని, ఎక్కిన మెట్లు రెండూ దిగి నిలబడ్డాడు. "అవునండయ్యా. పెద్దయ్యగారు తమర్ని ఓసారి చూసి రమ్మన్నారండి. ఊళ్ళో అందరూ కులాసాగా ఉన్నారండి. అమ్మగారు తమర్నే తలుచుకుంటున్నారండి" అన్నాడు. మా నాన్న గొంతు అది, రైతుగారి వాకిట్లో మా నాన్న మాట్లాడే గొంతు, వాడెప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. లోపల రూతు "బాబాయ్" అనబోయింది, వాడి ఒళ్ళో పెరిగిన పిల్ల గనక గుర్తుపట్టేసింది, మార్తమ్మ దాని నోరు మూసి గదిలోకి లాక్కెళ్ళి తలుపేసుకుంది.

నాయుడుగారు మంచివాడని చెప్పాను కదా. "పాపం ఎండన పడొచ్చాడు, మొహం వాడిపోయింది. కాసిని మంచినీళ్ళు పొయ్యండి అల్లుడుగారూ, మెట్ల మీదే పొయ్యండి" అన్నాడు. నేను లేచి కుళాయి దగ్గర చెంబు పట్టి తీసుకొచ్చాను. పై మెట్టు మీద నిలబడ్డాను. వాడు మూటా బొంతా పక్కన పెట్టి, కింద వంగి రెండు చేతులూ దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకున్నాడు. చెంబు వాడికి తగలకుండా ఎత్తు నుంచి నీళ్ళు ధారగా పోశాను. మన చిన్నప్పుడు ఊళ్ళో మనకి పోసినట్టే! ఎంత ఎత్తు నుంచి పొయ్యాలో నా చేతికి ఎవరూ నేర్పలేదు, దానికే తెలిసింది. వాడు తాగాడు, తాగి తడి చేతులు మొహానికి రాసుకుని "చాలండయ్యా" అన్నాడు.

బొంత చూపించి "ఇది చంటిపాపకని పంపారండి" అన్నాడు. దాన్ని ముట్టుకుంటే నాయుడుగారేమనుకుంటారో అని "నువ్వే ఉంచుకో, కప్పుకుందువు" అన్నాను, ధర్మం చేసినట్టు. "రేపు మిల్లు దగ్గర కనపడు, ఏదైనా పని చూస్తాను" అన్నాను. "చిత్తం" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాయుడుగారు "వినయం గలవాడు, ఈ కాలంలో అలాంటివాళ్ళు లేరు" అన్నాడు, నేను పేపరు తీసి ఆపినచోట నుంచి చదివాను.

ప్రభువుని ఎరగనని బొంకి, కోడి కూసినప్పుడు బయటికి వెళ్ళి ఏడ్చిన ఒకాయన సంగతి గ్రంథంలో ఉందని మీలో కొందరు నన్ను ఓదార్చడానికి చూస్తున్నారు, నాకు ఆ ఓదార్పు వద్దు. ఆయన బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను లోపలికి వెళ్ళి అన్నం తిన్నాను.

మరునాడు మిల్లు దగ్గర చూశాను, వాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఇప్పుడు మీ ముందు దాచి ఏం లాభం, నాకు హాయిగా అనిపించింది! కోపమొచ్చి వేరేచోట పని చూసుకున్నాడులే, నాలుగు రోజులు పోయాక కలిసి నచ్చచెబుదాంలే అనుకున్నాను. మార్తమ్మ మాత్రం "నువ్వెళ్ళి వెతుకుతావా, నన్నెళ్ళమంటావా?" అని అడిగింది. రెండోసారి అడగలేదు, నాతో మాట్లాడ్డమే మానేసింది. ఇలా నెల దాటింది. అప్పుడు మిల్లుకి అమ్మ ఉత్తరం వచ్చింది, తమ్ముడు చేరాడా, ఎందుకు రాయలేదు, వాడికి వేడన్నం పడదు, చల్లార్చి పెట్టు అని.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రేవుకి వెళ్ళాను. ఓడల దగ్గర బస్తాలు మోసే మన తెలుగు కూలీల కొట్టాలు వరసగా అడుగుతూ వెళితే ఒక మేస్త్రీ, ఆ పాటలు పాడే కుర్రాడా, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఆసుపత్రికి పంపాం గదా, మళ్ళీ రాలేదు అన్నాడు. ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడ మన తెలుగు వార్డుబాయి ఒకడు, పుస్తకం చూడకుండానే చెప్పాడు, పేరు జకరయ్య, మతం అడిగితే క్రైస్తవుణ్ణని గట్టిగా చెప్పాడు, నావాళ్ళు రంగూనులో ఎవరూ లేరన్నాడు, మూడోరోజున పోయాడు, కూలీల సంఘం పాస్టరుగారు తీసుకెళ్ళి పూడ్చారు అని.

ఆ పాస్టరుగారి గుడి ఒక రేకుల షెడ్డు, నేను రెండేళ్ళు దాని ముందునుంచి తల దించుకుని నడిచిన షెడ్డు. ముసలాయన. నేనెవరో చెప్పకుండా జకరయ్య సంగతి అడిగాను. ఆయన చెప్పాడు, "ఎవరూ లేకుండా ఇంతదూరం రావు కదా నాయనా, చెప్పు, కబురు పెడతానని నేను గుచ్చి గుచ్చి అడిగాను బాబూ. ఆఖరికి, ఉన్నాడయ్యగారూ, కాని నేను చెబితే ఆయన గది పోతుంది, చంటిపిల్ల ఉంది, అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఆ పాతచీరెల బొంత వదిలేవాడు కాడు, దాంతోనే పూడ్చాం."

ఆఖర్న వాడు ప్రార్థన చేశాడా అని అడిగాను. చేశాడన్నాడు. "ప్రభువా, మా అన్నకి ఆ గది నిలబెట్టు, వదినని వానలో పెట్టకు" అన్నాడట. అన్నని క్షమించమని కూడా దేవుణ్ణి అడగలేదు సహోదరులారా! వాడి మనసులో క్షమించడానికేమీ ఉన్నట్టే లేదు, గది ఒక్కటే ఉంది.

నా తమ్ముడు చచ్చిపోతూ చేసిన ఆ ప్రార్థన దేవుడు వినలేదు. ఆ గది నాకు నిలబెట్టలేదు. దేవునికే మహిమ!

ఆ షెడ్డులో మట్టినేల మీద పడి ఎంతసేపు ఉన్నానో తెలియదు, "ప్రభువా, నీ పేరు నేను ఎరగనన్నాను, నా రక్తాన్ని ఎరగనన్నాను, నన్ను ఆ మేడ మీదినుంచి దింపు" అని తప్ప ఇంకో మాట రాలేదు. లేచి ఇంటికి వెళ్ళాను, మెట్ల మలుపులో బొట్టు పెట్టుకోలేదు. నాయుడుగారు కుర్చీలో ఉన్నాడు. తమ్ముడు నిలబడ్డ మెట్టు మీదే నిలబడి చెప్పాను, నా పేరు సమూయేలండీ, మీకు చెప్పిన ఇంటిపేరు మాది కాదండీ, మా నాన్న ఆ ఇంట్లో పాలేరండీ, నేను క్రైస్తవుణ్ణండీ, ఆవాళ వచ్చింది నా సొంత తమ్ముడండీ, పోయాడండీ.

నాయుడుగారు కుర్చీలోంచి లేచాడు. కొడతాడనుకున్నాను. "నా కళ్ళెదురుగా నీ తమ్ముడికి ఎత్తి పోశావట్రా?" అన్నాడు. అంతే అడిగాడు. "నాతో అబద్ధమాడావు, అది నేను కడుక్కుంటాను. నువ్వు వాడికి చేసింది ఎక్కడ కడుక్కుంటావురా?" అన్నాడు, ఆయన కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. ఆ మాట దేవుడు ఆయన నోట పలికించాడని నా నమ్మకం. కాని పలికించినంత మాత్రాన ఆయన మారిపోయాడని చెప్పను, కొందరు సాక్ష్యాల్లో అలా చెబుతారు, నేను చెప్పలేను. మేము సామాను దించుతుండగానే ఆయన భార్య మాకు అన్నం పెట్టిన గిన్నెలన్నీ వీధిలోకి విసిరింది, ఇద్దరు మనుషులు కుళాయిని చింతపండూ ఇసకా పెట్టి తోమారు. మేము వీధిలో నిలబడి ఆ తోముడు విన్నాం. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, ఆయన కుళాయి తోమించిందీ నిజమే, రెండూ ఒక్క మనిషే చేశాడు, మీరు ఎలా సరిపెట్టుకుంటారో నాకు తెలియదు.

మార్తమ్మ వీధిలోనే చెంగుతో మొహాన బొట్టు తుడుచుకుంది. రేకుల షెడ్డు వెనక ఒక పంచలో పాస్టరుగారు చోటిచ్చారు, వానొస్తే కారేది, ఆరు నెలలు అక్కడున్నాం. మొదటి పూట అన్నం పెట్టుకున్నప్పుడు రూతు అలవాటు చొప్పున చేతులు ఒళ్ళోకి లాక్కుని నా వంక చూసింది. కళ్ళు మూసుకో అమ్మా, ప్రార్థన చెయ్యి అన్నాను. నమ్మలేదు. కొడతానేమోనని ఏడ్చింది. మళ్ళీ నా ముందు కళ్ళు మూసుకోవడానికి దానికి చాలా రోజులు పట్టింది. తర్వాత మిల్లు పని వదిలి అందరం మన సీమకి వచ్చేశాం, వచ్చి మూడేళ్ళయింది, బడిలో పిల్లలకి చదువు చెబుతున్నాను, మీరు నన్ను సంఘపెద్దగా ఎన్నుకున్నారు.

సాక్ష్యం ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుంటుంది! పరాయి ఊళ్ళో పరాయివాడి ముందు నిజం ఒప్పుకున్నాను, దేవుడు విడిపించాడు, ఆమెన్ అని కూర్చోవచ్చు. మార్తమ్మ మొన్న నన్ను అడిగింది, ఆదివారం లేచి అంతవరకే చెబుతావా అని. అంతవరకే చెబితే తను లేచి మిగతాది చెబుతానంది.

మిగతాది ఇది. రంగూను నుంచి ఇక్కడికి నేను రాసిన ఉత్తరం మీ అందరికీ తెలుసు, ఈ గుడిలోనే చదివి వినిపించారు, జకరయ్యకి జబ్బు చేస్తే నా గదికి తెచ్చి పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉన్నాననీ, నా ఒళ్ళో తల పెట్టుకుని పాట పాడుతూ ప్రభువు దగ్గరికి వెళ్ళాడనీ రాశాను. అది విని మీరు ఏడ్చారట. అన్న అంటే అలా ఉండాలని అయ్యగారు ప్రసంగంలో చెప్పారట. నాయుడుగారి దగ్గర నోరు తెరిచిన తర్వాత రాశాను ఆ ఉత్తరం, అదీ నా విడుదల! ఒక గదిలోంచి దేవుడు బయటికి గెంటితే ఇంకొకటి కట్టుకుని లోపల కూర్చున్నాను, ఈ గదికి అద్దె మీ గౌరవంతో కట్టాను, మూడేళ్ళ నుంచి మీరిచ్చిన ప్రతి వందనంతో కట్టాను.

సహోదరులారా, మీలో ఎవరైనా ఇలాంటి గదిలో ఉంటే, పట్నంలో పేరు మార్చుకున్నవాళ్ళున్నారు, బియ్యం డబ్బాలో బైబిలు పెట్టినవాళ్ళున్నారు, నాకు తెలుసు, మిమ్మల్ని నేను నిందించను, మనల్ని ఆ పనికి తెచ్చినవాళ్ళని దేవుడు అడుగుతాడు, కాని మన తమ్ముళ్ళ సంగతి మనల్నే అడుగుతాడు. బయటికి రండి. బయట వాన ఉంది, నేను లేదనను. అయినా ఆయన బయటే ఉన్నాడు, ఆయన్ని ఎవరూ లోపలికి రానివ్వలేదు గనక బయటే ఉన్నాడు, ఆయన్ని నమ్మి బయటికి రండి. నన్ను విడిపించినందుకు ఆయనకి స్తోత్రం, ఇవాళ రెండోసారి విడిపిస్తున్నందుకు స్తోత్రం, ఆ స్తోత్రం నా నోట చేదుగా ఉంది, అయినా చెబుతున్నాను.

అమ్మా! నువ్వు ఆ స్తంభం పక్కన కూర్చున్నావు, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా చెవులు బాగా వినిపిస్తాయి నీకు. తమ్ముడు నా ఒళ్ళో పోలేదమ్మా. నీ చిన్నకొడుకు సముద్రం దాటి నా గుమ్మంలోకి వస్తే నేను వాడిని ఎరగనన్నాను. వాడు ఒక్కడే పోయాడు. నువ్వు మూడేళ్ళుగా ప్రతి కూటంలో లేచి, నా పెద్దకొడుకు వాడిని చూసుకున్నాడు, అది చాలు నాకు అని సాక్ష్యం చెబుతున్నావు, ఆ మాట ఇంక చెప్పకమ్మా.

సహోదరులారా, నేను కూర్చుంటాను. ముందు మా అమ్మ కోసం ప్రార్థన చేయండి, ఆవిడకి చిన్నకొడుకు అప్పుడు పోయాడు, పెద్దకొడుకు ఇవాళ పోయాడు. నాకోసం ఆనక చేద్దురుగాని.